కెప్టెన్‌కిచ్చిన కారు

యజమాని ఎవరార్డ్ హాలమ్ కుట్టుగదిలోకి వచ్చాడంటే ఎవరికో మూడిందని లెక్క. బతికున్న రోజుల్లో ఆయన తండ్రి పొద్దున ఓ చుట్టూ సాయంత్రం ఓ చుట్టూ కార్ల కార్ఖానా అంతా తిరిగేవాడు. ఎవరి మిషను మీద సూది విరిగిందో కూడా ఆయనకు తెలిసేది. కొడుకు అలా కాదు. ఆఫీసు మెట్లు దిగి ఇటు రావడమే అరుదు, అదీ ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వచ్చినప్పుడు. అందుకే మంగళవారం పొద్దున ఆయన తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకునేసరికి గదిలో మిషన్లన్నీ టక్కున ఆగిపోయాయి.

"మిస్ మెరెడిత్, ఒక్క నిమిషం."

ఓల్వెన్ మెరెడిత్ నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండులో గుచ్చి, అప్పుడు లేచింది. పొట్టి మనిషి, ముప్ఫై దాటింది. వారమంతా హాలమ్ కార్ల సీట్లకు తోలు కుట్టేది. ర్యాలీ వచ్చిందంటే అదే హాలమ్ కారును వేల్స్ కొండల్లో పరుగెత్తించేది. అందుకు జీతం లేదు, సెలవు మాత్రం ఇచ్చేవారు. రెండేళ్ళు పాత కారు నడిపింది. ఈ చలికాలమంతా ఫోర్‌మన్ ఏమస్ టిప్టన్ కట్టిన కొత్త కారును మంచులో, బురదలో తిప్పి, ఇక్కడ బిగించు అక్కడ వదులు చెయ్యి అంటూ దాన్ని దారికి తెచ్చిందీ ఆమే. ఈ వారాంతం ర్యాలీలో హాలమ్ జట్టులో ఎవరు ముందు నిలిస్తే వాళ్ళకి వేసవిలో ఆల్ప్స్ ర్యాలీకి కారు, దాంతోపాటు జీతమిచ్చే డ్రైవరు ఉద్యోగం ఇస్తానని క్రిస్మస్ విందులో ఎవరార్డే అందరి ముందూ అన్నాడు. ఓల్వెన్ ఆ మాటను ఆ రోజు నుంచీ కడుపులో దాచుకుని తిరుగుతోంది.

"కొత్త కారుని, అదే నాలుగువందల పన్నెండును, కెప్టెన్ డేకర్‌కి ఇస్తున్నాం" అన్నాడు ఎవరార్డ్, ఆమె వైపు కాక మిషను వైపు చూస్తూ. "లండన్‌లో మన కార్లన్నీ అమ్ముడయ్యేది ఆయన షోరూములోనే కదా. ఆయనకు సరదా పుట్టింది. మీకు పాతది ఉంటుంది. అది మీ చేతికి అలవాటైన కారు. మీరు అర్థం చేసుకుంటారని నాకు తెలుసు."

"మంచిది సర్" అంది ఓల్వెన్.

"అన్నట్టు ఆయన బాగా పొడగరి. రేపు వస్తాడు. సీటు ఆయన కొలతకు కుట్టాలి. మీరే కుడితే బాగుంటుంది. మీ పనితనం వేరే ఎవరికీ రాదు."

మెచ్చుకున్నాననే అనుకున్నాడు కాబోలు, నవ్వి వెళ్ళిపోయాడు. ఓల్వెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఉన్న కారు ఊడబెరుక్కుని, పైగా దానికి ముస్తాబు కూడా నువ్వే చెయ్యమంటాడా! ఆ కోపంతోనే కూర్చుని మిషను తొక్కితే కుట్టు వంకర పోయింది. అదంతా విప్పి మళ్ళీ కుట్టింది.

మధ్యాహ్నం గేటు దగ్గర బెరిల్ టెంచ్ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. బళ్ళో భూగోళం చెప్పే టీచరు, ర్యాలీల్లో ఓల్వెన్ పక్క సీట్లో కూర్చుని పటం చూసి దారి చెప్పేదీ ఆవిడే. ఈస్టర్ సెలవులు కావడంతో ఊరికే తిరుగుతోంది. సంగతి విని సైకిలును గోడకు విసురుగా ఆనించింది.

"మంచిది సర్ అన్నావా? ఓసి నీ మంచితనం మండ! ఎదురు తిరిగి నాలుగు కడిగెయ్యలేకపోయావుటే?"

"కడిగితే ఏమవుతుంది? ఇప్పుడు పాత కారన్నా ఉంది. అదీ పోయేది."

"ఆ కెప్టెన్ ఎవడు, ఎప్పుడైనా కొండ మొహం చూశాడా?"

"యుద్ధానికి ముందు బాగా నడిపేవాడట. యుద్ధంలో భుజానికి గుండు తగిలిందట."

"అయితే ఇంటి దగ్గర కూర్చుని తోటపని చేసుకోమను" అంది బెరిల్. ఇద్దరూ మాంసం పెట్టిన రొట్టెలు పంచుకుని తిన్నారు.

కెప్టెన్ డేకర్ బుధవారం రైలు దిగి నేరుగా కార్ఖానాకే వచ్చాడు. నెరిసిన మీసం, మంచి కోటు, ఎడమ చెయ్యి కొంచెం బిగుసుకుపోయి ఉంది. ర్యాలీ కార్ల షెడ్డులో రెండు హాలమ్ కార్లూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి, రెండూ ఒకే ముదురాకుపచ్చ. బండి అంచులు, దీపాలు, స్టీరింగు వెనక మీటర్లు అన్నీ ఒకటే. తేడా అంతా కిందే: పాతదానికి వెనక ఇనుప పట్టీల కమాన్లు, కొత్తదానికి ఏమస్ చలికాలమంతా కూర్చుని అమర్చిన స్ప్రింగు చుట్టలు, బలమైన ఇంజను. పడుకుని చూస్తే గానీ, నడిపితే గానీ తెలియదు.

ఆ షెడ్డులో కారుకి పేరుండదు, నంబరే పేరు. కంపెనీ రోడ్డు పన్ను కట్టేది రెండు నంబర్లకే: నాలుగువందల పన్నెండు, మూడువందల నలభై. ఏ కారైనా గోడకు గుద్దుకుని తుక్కయితే ఇంకోటి కట్టి దానికి ఆ నంబరు పలకే బిగించేవారు. ఇప్పుడు పన్నెండు అని పిలుస్తున్నది నిజానికి ఆ పలక ఎక్కిన నాలుగో కారు. షెడ్డువాళ్ళకి అందులో వింతేమీ లేదు, గుర్రం చచ్చిపోతే కళ్ళెం ఇంకోదానికి కట్టరా ఏమిటి అనేవాళ్ళు. పై మెట్ల మీద ఆఫీసు కాగితాల్లో మాత్రం పన్నెండు అంటే మొదట్నుంచీ ఒకటే కారు.

కెప్టెన్ కొత్త కారులో కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఓల్వెన్ మోకాళ్ళ మీద కూర్చుని అతని నడుముకీ సీటు వీపుకీ మధ్య అరచెయ్యి దూర్చి ఖాళీ ఎంతుందో చూసి, గుడ్డ మీద సుద్దతో గీత గీసింది. తొడ కింద గుర్రపు వెంట్రుకల దిండు ఎత్తుగా ఉంది, అది తీసేయాలి. వీపు దగ్గర నింపాలి. అతను మర్యాదస్తుడే. చెయ్యెత్తమంటే ఎత్తాడు, వంగమంటే వంగాడు.

"దర్జీ దగ్గరకొచ్చినట్టుంది అమ్మాయీ" అన్నాడు నవ్వుతూ. "ఈ భుజం వెనక కాస్త మెత్తగా పెట్టగలవా? ఎక్కువసేపు ఆనించలేను."

"పెడతాను సర్."

"ఈ బండి ఎవరు పరీక్షించారు? చాలా మంచిదంటున్నారు."

ఓల్వెన్ నోట్లో సూదులున్నాయి. వాటిని తీయడం ఆమెకిష్టం లేకపోయింది. పక్కనే పానా పట్టుకుని నిలబడ్డ ఏమస్ "ఇక్కడివాళ్ళేలెండి" అన్నాడు పొడిగా. అతనికి అరవై దగ్గర పడుతున్నాయి. ఎవరార్డ్ తండ్రి చేతికింద పని నేర్చినవాడు. ఎవరార్డ్‌ను నిక్కర్ల నాటి నుంచీ ఎరుగును, అందుకని భయమూ లేదు, గౌరవమూ లేదు.

కెప్టెన్ వెళ్ళాక ఓల్వెన్ వంకర సూదితో సీటు అంచులు కుడుతూ కూర్చుంది. తోలు గట్టిది, ప్రతి కుట్టుకీ సూదిని అరచేతిలోని ఇనుప బిళ్ళతో నెట్టాలి. భుజం దగ్గర మెత్తటి ఉన్ని రెండు పొరలు పెట్టింది. తనకు అన్యాయం చేసిన మనిషికి ఇంత శ్రద్ధగా కుడుతున్నానేమిటి అని తన మీద తనకే విసుగేసింది. కానీ చెయ్యి చెడ్డ కుట్టు వెయ్యనన్నది.

"ఏడుస్తున్నావా పిల్లా?" అన్నాడు ఏమస్.

"లేదు పెద్దాయనా. తోలు దుమ్ము."

"ఊఁ" అన్నాడతను. కొత్త కారు కిందికి దూరి, చాలాసేపు బయటికి రాలేదు.

గురువారం కార్లను లారీ మీద వేల్స్‌కి తీసుకెళ్ళారు. ఓల్వెన్, బెరిల్ బస్సులో వెళ్ళారు. శుక్రవారం పొద్దున బజారు వీధిలో జనం గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. గొర్రెల సంత జరిగే మైదానంలో కార్లు వరసగా ఉన్నాయి. తనిఖీవాళ్ళు దీపాలు, బ్రేకులు, నంబర్లు చూసి తలూపి పంపేశారు. ఎవరార్డ్ తోలు బూట్లతో అటూ ఇటూ తిరుగుతూ, నాలుగువందల పన్నెండు పలక ఉన్న కారు బానెట్టు తట్టి, దాని పక్కన కెప్టెన్‌తో కలిసి ఫొటో దిగాడు.

మూడువందల నలభై పలక ఉన్న కారులోకి ఓల్వెన్ ఎక్కింది. సీటు రెండేళ్ళ కిందట పాత కారుకి తను కుట్టుకున్నదే, అందులో ఆశ్చర్యం లేదు. తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. ఆమె చెయ్యి గేరు మీద అలాగే ఆగిపోయింది.

"ఏమైందే?" అంది బెరిల్, మోకాళ్ళ మీద పటం సర్దుకుంటూ.

ఓల్వెన్ చెవి ఇంజను మీదే పెట్టింది. జెండా ఊగింది. ఊరి చివర మొదటి మలుపులో వెనక చక్రాలు అతుక్కున్నట్టు తిరిగాయి, కమాన్ల బండి అలా తిరగదు. చలికాలమంతా ఈ నడకే కదా తను నేర్పింది. ఆమె గట్టిగా నవ్వేసింది.

"బెరిల్! ఇది కొత్తదే!"

"అంటే?"

"ఏమస్ పలకలు మార్చేశాడు. కెప్టెన్ దగ్గరున్నది పాతది!"

బెరిల్ "ఎడమకి తిప్పు, వంతెన!" అని అరిచి, వంతెన దాటాక "ఆ ముసలాయన్ని ముద్దు పెట్టుకుంటాను, చూస్తూ ఉండు" అంది.

ఆ రోజంతా వాళ్ళకి పండగే. కొండ రోడ్లు, రాళ్ళ గోడల మధ్య ఇరుకు సందులు, పైన్ అడవుల్లో మట్టిబాటలు, కారు చెప్పిన మాట విన్నది. మధ్యాహ్నం కార్లను ఆపి సరిచూసే చోట కాస్త టీ తాగుతూ ఓల్వెన్ ఏమస్‌ను పక్కకి పిలిచింది.

"ఇదేం పని పెద్దాయనా? ఎవరైనా చూస్తే?"

"ఎవరు చూస్తారు? యజమానిగారు పన్నెండును కెప్టెన్‌కిమ్మన్నారు, ఇచ్చాను. నలభైని నీకిమ్మన్నారు, ఇచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే కదా ఇస్తున్నాం." అతని మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "ఎడమ ముందు టైరు అరుగుతోంది, మలుపుల్లో కాస్త చూసుకో."

సాయంత్రానికి జట్టులో ఓల్వెన్ బాగా ముందుంది, కెప్టెన్ ఎక్కడో వెనక. ఎవరార్డ్ రెండు కార్లకీ అద్దెకు తీసుకున్న షెడ్డు గుమ్మం దాకా వచ్చి, ఓల్వెన్‌ను చూసి "భేష్" అని, కెప్టెన్‌ను చూసి ఏమీ అనకుండా హోటలుకి వెళ్ళిపోయాడు.

ఇంకా వెలుగుంది. ఓల్వెన్ బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు. బిగుసుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. మీసం మీద బురద ఎండిపోయి ఉంది.

"మిస్ మెరెడిత్, మీ బండి నేను తీసుకున్నానని నాకిప్పుడే తెలిసింది. టీ ఇచ్చే ఆవిడ చెప్పింది. ఆ రోజు మీతోనే కొలతలు తీయించుకున్నాను. సిగ్గుగా ఉంది."

"మీకు చెప్పలేదు కదండీ."

"అడగలేదు కూడా." కాసేపు నేలకేసి చూశాడు. "ఇందులో ఒక మేలుంది లెండి. ఇంగ్లండులో ఇంతకు మించిన ర్యాలీ కారు లేదని అందరూ చెప్పిన బండిలో కూర్చుని కూడా, పాత బండిలో ఉన్న మిమ్మల్ని అందుకోలేకపోయాను. తప్పు బండిది కాదు, నాది. భుజం బాగైతే మళ్ళీ పాత రోజులొస్తాయేమోనని ఇన్నాళ్ళూ ఓ ఆశ ఉండేది. ఇవాళ తేలిపోయింది. రేపటితో చాలిస్తాను. మా ఆవిడ సంతోషిస్తుంది."

ఆయన టోపీ తాకి వెళ్ళిపోయాడు. ఓల్వెన్ కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడింది. పొద్దుట్నుంచీ ఉన్న సంతోషమంతా దిగిపోయింది. తనకేం చేశారో సరిగ్గా అదే తను ఈ మనిషికి చేసింది, పైగా ఆయనకు తెలియకుండా. తనకు కారు పోయిందని తెలుసు. పోయింది తన నేర్పేనని ఆమెనెవరూ నమ్మించలేదు. ఇంకో ముల్లు కూడా గుచ్చుకుంది: ఇవాళ గెలిచింది తనా, కారా? అది తనకే తెలియదు.

షెడ్డులోకి వెళ్ళి చెప్పింది. "పెద్దాయనా, పలకలు మళ్ళీ మార్చెయ్యి. కొత్తది ఆయనకి."

బెరిల్ తాగుతున్న టీ కప్పు కింద పెట్టింది. "నీకేమైనా పిచ్చా? చేతికందిన కూడు నోటికి రాకుండా చేసుకుంటావా? రేపొక్క పూట నిమ్మళంగా నడిపితే ఆల్ప్స్ నీదే!"

"ఇలా వస్తే నాకొద్దు."

"ఎలా వచ్చిందని? నీ కారు నీకొచ్చింది!"

"నాకొచ్చింది సరే. ఆయన మొహం చూశావా నువ్వు? నేను చూశాను. ఆ మనిషి ఇంటికెళ్ళి, ఇక నేను పనికిరాను అని భార్యతో చెప్పుకోబోతున్నాడు. అబద్ధం మీద."

"ర్యాలీ మధ్యలో కార్లు మార్చారని తెలిస్తే రెండు బళ్ళనీ గెంటేస్తారు."

"తెలిస్తే కదా."

ఇద్దరూ ఏమస్ వైపు చూశారు. అతను చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఓల్వెన్‌ను చాలాసేపు చూశాడు. అతనికి కోపం వచ్చింది. తన పీకల మీదికి తెచ్చుకుని చేసిన సాయాన్ని ఈ పిల్ల తిప్పికొడుతోంది.

"రేపు వాన" అన్నాడు చివరికి. "కమాన్ల బండి బురదలో ఎలా జారుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు."

"అక్కర్లేదు."

"ఓడితే నా దగ్గరికొచ్చి ఏడవకు."

అతను షెడ్డు తలుపు మూశాడు. కార్లతో వచ్చిన ఇద్దరు ఫిట్టర్లు చెరో స్క్రూడ్రైవరు తీసుకుని, ఏమీ అడక్కుండా, ఒకడు ముందు పలక, ఒకడు వెనక పలక దగ్గర కూర్చున్నారు. తలుపుల మీద అతికించిన ర్యాలీ అంకెలు తడిగుడ్డతో నానబెట్టి తీసి, అటువి ఇటు అతికించారు. సీట్లకి నాలుగేసి బోల్టులు. కెప్టెన్ సీటును కొత్త కారులో బిగించేటప్పుడు ఓల్వెన్ దగ్గరుండి సరిచూసింది.

శనివారం ఏమస్ అన్నట్టే వాన దంచేసింది. బాటలు వాగులయ్యాయి. టైము లెక్కగట్టే మొదటి బాట, మొదటి స్టేజి, పొడుగునా ఓల్వెన్ పాత కారు స్టీరింగుతో కుస్తీ పట్టింది. బండి వెనక భాగం తన ఇష్టమొచ్చినట్టు పోతోంది. మొదటి స్టేజిలో కెప్టెన్ ఆమెకన్నా ముందొచ్చాడు, రెండోదాంట్లోనూ అంతే. బెరిల్ పటం మీంచి కళ్ళెత్తకుండా "అనుభవించు" అంది.

మూడో స్టేజికి ఓల్వెన్ పోరాడటం మానేసింది. ఈ బండితో రెండేళ్ళు కాపురం చేసింది, దీని గుణం మరిచి కొత్తదానిలా తోలుతున్నానని అప్పుడు తట్టింది. ఇది మలుపు తిరగదు. మలుపుకి ముందే దీన్ని అటు విసరాలి, జారనివ్వాలి, జారుతుండగానే యాక్సిలరేటరు తొక్కాలి. భయపడి కాలు తీస్తే గోడే గతి. కాలు తీయలేదు. ఏటి ఒడ్డున బురద మెట్టలో పెద్ద ఇంజన్ల బళ్ళు చక్రాలు గిర్రున తిప్పుకుంటూ నిలబడిపోతే, బలం తక్కువైన ఈ పాతది మెల్లిగా, మొండిగా పాకి ఎక్కేసింది. గట్టున నిలబడ్డ రైతులు గొడుగులు ఊపారు. ఆ స్టేజిలో ఓల్వెన్ ముందు. ఆ తర్వాతి దాంట్లోనూ. చివరి అడవి బాటలో కెప్టెన్ కూడా ప్రాణం పెట్టి నడిపాడు. అతని బండి చప్పుడు కొండ అవతల నుంచి ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

సముద్రపు ఒడ్డున ఊళ్ళో ర్యాలీ ముగిసింది. నల్లబల్ల మీద సుద్దతో అంకెలు రాశారు. శనివారం ఒక్కరోజు లెక్క తీసినా ఓల్వెనే కొద్దిగా ముందు. ఆమె ఆ అంకెల్ని రెండుసార్లు చదువుకుంది. నిన్నటి ముల్లు ఊడిపోయింది. కారు అంచు మీద కూర్చుంది.

కెప్టెన్ వచ్చాడు. ఒళ్ళంతా బురద, కానీ కళ్ళలో వెలుగుంది, పదేళ్ళు తగ్గినట్టున్నాడు.

"మిస్ మెరెడిత్, ఒక్క మాట. నేను నిన్న నడిపిన బండీ ఇవాళ నడిపిన బండీ ఒకటి కావు."

బెరిల్ సముద్రం వైపు తిరిగింది. ఏమస్ టైరులో గాలి చూడటం మొదలుపెట్టాడు.

"నంబరు ఒకటే కదండీ" అంది ఓల్వెన్.

కెప్టెన్ తన కారు వైపూ, ఆమె కారు వైపూ, కింద కూర్చున్న ఏమస్ వైపూ చూశాడు. అంతా అర్థమైంది. బాగున్న చెయ్యి చాపాడు. ఆమె బురద అంటిన చేత్తోనే ఆ చెయ్యి అందుకుంది.

అంతలో ఎవరార్డ్ వచ్చాడు, వెనకాల ఇద్దరు పత్రికలవాళ్ళు. "అద్భుతం! ఈ పాత బండిలో ఇంత సత్తా ఉందని ఎవరనుకున్నారు? డేకర్, పొరపాటు నాదే, నీకు కొత్తది అంటగట్టాను. ఆల్ప్స్‌కి ఈ పాతదే నీకిస్తాను. మిస్ మెరెడిత్ కాదనరు."

వాన చినుకులు బానెట్టు మీద పడి ఆవిరవుతున్నాయి. ఓల్వెన్ లేచి నిలబడింది.

"కాదంటాను సర్. జట్టులో ముందొచ్చినవాళ్ళు వెళ్తారని మీరే అన్నారు. ముందొచ్చింది కారు కాదు, నేను. ఆల్ప్స్‌కి నేను వెళ్తాను."

పత్రికలవాళ్ళ పెన్సిళ్ళు ఆగాయి. ఎవరార్డ్ సాయం కోసం కెప్టెన్ వైపు చూశాడు.

"నన్ను చూడకు ఎవరార్డ్" అన్నాడు కెప్టెన్. "నాకు ఏ బండి ఇచ్చినా ఈవిడ వెనకే వస్తాను. అది నీకన్నా నాకు బాగా తెలుసు. అడగాల్సింది ఈవిణ్ణి."

ఎవరార్డ్, బహుశా మొదటిసారిగా, ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. "సరే, మిస్ మెరెడిత్. మీకు ఏ కారు కావాలి?"

"కొత్తది సర్" అంది ఓల్వెన్. "నంబరు ఏదైనా ఫరవాలేదు."